ఒలీటా చదివిన పందెం

మా పందెపు మైదానంలో నోరున్నవాళ్లకు కొదవ లేదు, చూపున్నవాళ్లే తక్కువ. ముప్పై ఏళ్లుగా ఇక్కడ గుర్రాలకు నాడాలు కొడుతున్నవాణ్ణి, ఆ మాట అనే హక్కు నాకుంది. నన్నడిగితే ఆ తక్కువమందిలో మొదటి మనిషి ఒలీటా టాకెట్.

తెల్లారకముందే కసరత్తుకు దిగే గుర్రాల వేగాన్ని స్టాప్‌వాచ్‌తో కొలవడం ఆమె ఉద్యోగం. కెంటకీ చలిలో కంచెకు ఆనుకుని, సగం తిన్న మొక్కజొన్న రొట్టె కోటు జేబులో కుక్కుకుని నిలబడుతుంది. పందేనికి ఒక్క డాలరు కాయదు. పందెం ముగిశాక అందరూ ఎవరు గెలిచారని చూస్తే, ఆమె మాత్రం మొదటి రెండు ఫర్లాంగులు ఎంతలో అయ్యాయని చూస్తుంది. "గెలుపు చివర్లో కనబడుద్దయ్యా, బలం మొదట్లోనే ఖర్చయిపోద్ది" అంటుంది.

ఒక వసంతంలో జరిగిన పందెంలో, హోబర్ట్ స్కాగ్స్‌కు చెందిన క్లోవర్ మే అనే ఆడగుర్రం ఆరోదిగా వచ్చింది. హోబర్ట్‌కు ఉన్నది ఆ ఒక్క గుర్రమే. కోపం పట్టలేక, శనివారం అమ్మకపు పందెంలో దింపేస్తానన్నాడు. అందులో గుర్రాలకు ముందే ధర కడతారు. కావలసినవాళ్లు పందేనికి ముందు డబ్బు కట్టి చీటీ వేయవచ్చు. గేటు తెరుచుకున్న క్షణం నుంచి గుర్రం వాళ్లది, బహుమతి మాత్రం పాత యజమానిది. నాసి గుర్రాల మధ్య దింపి బహుమతి కొట్టేయాలి, గుర్రాన్ని మాత్రం ఎవరూ తీసుకోకూడదు. అందరూ ఆడే ఆటే అది.

నేను క్లోవర్ మే కాలికి నాడా కొడుతుండగా ఒలీటా వచ్చింది.

"హోబర్ట్, దీన్ని అందులో దింపకు."

"ఆరో స్థానం తల్లీ, ఆరో స్థానం! నా నోట్లో మన్ను కొట్టింది."

"ఎట్లా ఆరోదైందో చూశావా? మొదటి రెండు ఫర్లాంగులు ఇరవై రెండు సెకన్లలోపే! మన మైదానంలో ఆడగుర్రాలు ఎప్పుడన్నా అట్లా పోయాయా? దీంతోపాటు ముందు ఉరికిన రెండూ ఏమయ్యాయి?"

"ఏమవుతాయి, చిట్టచివరొచ్చాయి."

"మరి! ముందున్నవాటిలో నిలబడింది ఇదొక్కటే. దీన్ని దాటినవన్నీ వెనకాల తీరిగ్గా వచ్చి, అలిసినవాటిని దాటినవే. గట్టి పందెం అది హోబర్ట్. అందులో ఆరోదంటే, ఇంకోదాంట్లో మొదటిది."

"నీ గడియారం గడ్డి మేస్తుందా? మేపేవాణ్ణి నేను!"

"సరే, మొహం మీదే చెబుతున్నా. దింపావంటే నేనే తీసుకుంటా."

హోబర్ట్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "తీసుకో, తీసుకుని నీ గడియారాలు మోయించుకో!"

నాకు ఒళ్లు మండింది. గుర్రం కాలు నా ఒళ్లో ఉంది గనుక ఊరుకున్నాను. ఆమె వెళుతుంటే వెనకాలే పోయి అడిగాను.

"మిస్ ఒలీటా, నిజంగానే అంటున్నారా?"

"ఇన్నేళ్లూ అందరికీ ఊరికే చెప్పాను, ఒక్కడూ వినలేదు. దాచుకున్నదంతా ఊడ్చి పెడుతున్నా. నా లెక్క తప్పిందా, ఈ జన్మకి నా పేరు మీద గుర్రమన్నది ఉండదు."

శనివారం కంచె దగ్గర ఆమె పక్కనే నిలబడ్డాను. గేటు తెరుచుకుంది. ఇక కాలు విరిగినా, గుండె ఆగినా ఆ గుర్రం ఆమెదే. క్లోవర్ మే ముందుకు వచ్చింది. ఈసారి దాంతో పోటీకి ఉరికినది ఒక్కటీ లేదు. రెండు ఫర్లాంగుల గుర్తు దాటగానే ఒలీటా బొత్తాం నొక్కి చూసుకుంది.

"ఒంటరిగా, ఇంత తీరిగ్గా! ఇంక దీన్ని ఎవరు పట్టుకుంటారు?" అంది.

ఎవరూ పట్టుకోలేదు. మిగతావి ఎక్కడో వెనక ఉండగా క్లోవర్ మే గీత దాటింది. హోబర్ట్ టోపీ గాలిలోకి విసిరి గంతులేశాడు. అంతలో మైదానం మనిషి వచ్చి, గుర్రం అమ్ముడైందని చెప్పాడు. హోబర్ట్ నిలువునా నీరైపోయాడు.

"ఎంతమంది చీటీలేశారు?" అని అడిగాను.

"ఒక్కటే పడింది" అన్నాడు ఆ మనిషి.

అంతమంది శిక్షకులున్నారు! మహామహులు! అందరూ ఆరో స్థానాన్ని చూశారు, ఆ పందేన్ని చూసిన మనిషి ఒక్కర్తే. ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

అమ్ముడైన గుర్రం తలకున్న తోలు పట్టీ పాత యజమాని విప్పుకుపోతాడు. కొనేవాళ్లు తమది తెచ్చుకోవాలి. ఒలీటా సంచిలోంచి ఒకటి తీసింది. తోలు రంగు మారింది గానీ, ఏ గుర్రం తలకూ తొడిగిన జాడ లేదు.

"ఇదెప్పుడు కొన్నారు?" అన్నాను.

"ఇక్కడ పనిలో చేరిన ఏడాది."

తొడగబోతే పట్టీ ఎడమ చెవికి తగిలింది. క్లోవర్ మే తల విదిలించింది. హోబర్ట్ తన పట్టీ అప్పటికే విప్పుకున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. తర్వాత దాన్ని భుజాన వేసుకుని దగ్గరికొచ్చాడు.

"ఎడమ చెవి ముట్టుకుంటే ఊరుకోదు ఒలీటా. ఇటివ్వు" అని, ఆమె పట్టీని తన చేత్తోనే గుర్రానికి తొడిగాడు.