జోడీ సింహం కోసం ఫలక్‌నుమా దాకా

చైనా కంచు జంతువుల పిచ్చి నాకు ఎప్పటినుంచో ఉంది. దీర్ఘాయుష్షుకు కొంగ, ధనానికి మూడుకాళ్ల కప్ప... అలమరలో ఖాళీ లేదు. "ఇంట్లో మనుషుల కంటే జంతువులే ఎక్కువయ్యాయి" అని మా ఆయన దెప్పుతూనే ఉంటారు. అయితే గుమ్మం కాపలా సింహాలు జంటగా ఉంటేనే శుభం. మగదాని పంజా కింద బంతి ఉంటుంది, ఆడదాని పంజా కింద పిల్ల. నా దగ్గర మగది ఒక్కటే ఉంది. ఫలక్‌నుమాలో ఒకరింట్లో ఆడ సింహం అమ్మకానికి ఉందంటూ, నాకు తెలిసిన ఒక పాతసామాన్ల వ్యాపారి ఫోటో పంపాక నాకు అన్నం సహించలేదు.

శనివారం ఉదయం తొమ్మిదింటికి బేగంపేటలో లోకల్ రైలెక్కాను. టికెట్ పదిహేను రూపాయల లోపే, ఆ వేళకు సీటూ దొరుకుతుంది. ఫలక్‌నుమా స్టేషన్ బయట ఆటోకు అరవై ఇచ్చాను. డ్రైవర్ సందు మొదట్లోనే బండి ఆపేశాడు. "గీడికెల్లి నడువుండ్రి మేడం. లోపల కార్ఖానాలు, ట్రాలీలు, మస్తు లొల్లి. ఆటో తిరగది." నిజమే, ఇనప బీరువాలు చేసే షెడ్ల మధ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిచాను.

తలుపు తీసిన పెద్దావిడను ఆ వీధంతా ఖాలా, అంటే పిన్ని, అంటుంది, నేనూ అలాగే పిలిచాను. వాళ్ల తాతగారు కార్వాన్‌లో వ్యాపారం చేసే రోజుల్లో కొన్న సింహమట. నమాజ్ చదివే గదిలో బొమ్మలు ఉంచరు కాబట్టి వెనక గది అల్మారాలోనే దాని కాపురం. ఆవిడ గుడ్డ తీయగానే అయ్యో అనుకున్నాను. తళతళా మెరిసిపోతోంది! కొనేవాళ్లు వస్తున్నారని, ముచ్చటగా కనబడాలని, చింతపండు పెట్టి తోమేశారు. పాత కంచుకు విలువ తెచ్చే, ఏళ్ల తరబడి పట్టిన ముదురు రంగు పొర పోయింది. అయినా ఆ ముఖం, చైనా బొమ్మల్లో ఆడదానికీ ఉండే ఆ జూలు, ఆ ఎత్తు అచ్చం నా దానికి జోడీయే.

"ఎందుకు అమ్మేస్తున్నారు ఖాలా?" అన్నాను చాయ్ తాగుతూ, మాటవరసకి.

ఆవిడ వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది. "మా కోడలు కడుపుతోని ఉన్నది బేటీ. పోయినసారి నిలవలే. తల్లే పిల్లను తొక్కుతున్న బొమ్మ ఇంట్ల ఎందుకని చూసినోళ్లందరు అంటున్రు. కోడలు పిల్లకు గదే ఫికర్. తీస్కపో, ఎంతిస్తే గంత."

చాయ్ కప్పు కింద పెట్టాను. నోరు మూసుకుంటే సింహం నాది. నీకెందుకే అని మనసు పోరుతూనే ఉంది. ఇంతలో ఆ కోడలు బిస్కెట్ల పళ్లెం తెచ్చింది. బొమ్మ వైపు చూడకుండా, తల తిప్పుకుని నా ముందు పెట్టింది.

"తొక్కడం కాదమ్మా," అనేశాను. "ఆడ సింహానికి పంజాలోంచి పాలొస్తాయని చైనావాళ్లు చెప్పుకుంటారు. పిల్ల వెల్లకిలా పడుకుని తాగుతోంది. దాని మూతి చూడు."

ఆమె వంగి చూసింది. భయంభయంగా వేలితో పిల్ల మూతి తడిమింది. "అమ్మీ, దూద్ పిలారీ, పాలు తాగిస్తున్నది!" అంది అత్తతో. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ఖాలా ఇబ్బందిగా నా వైపు తిరిగింది. "నీకు మాటిచ్చిన గద బేటీ. ఎట్ల మరి?"

"ఆ మాట నేనే వదిలేస్తున్నాను ఖాలా. ఉంచుకోండి."

తిరుగు రైల్లో నా మీద నాకే కోపం వచ్చింది. చేతిదాకా వచ్చింది నోటితో పోగొట్టుకున్నాను. శుభం, శుభం అని ఇన్నేళ్లు కొంటూనే ఉన్నాను గానీ, ఒక బొమ్మ వల్ల ఒక మనిషి ముఖంలో భయం పోవడం చూసింది ఆ రోజే. అలాగని బాధ లేదని చెప్పను, చాలా ఉంది. మీరూ ఇలాంటి వేటకు బయలుదేరితే ఒక్క మాట: ధర అడిగే ముందు, ఎందుకు అమ్ముతున్నారో అడగండి.