చివరి బంతిలో పక్కవాళ్ల ఆకు

మాస్టారు పోయారని ఖరగ్‌పూర్‌లోని మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది గుడి కమిటీ పెద్ద. "మా కమిటీకి పెద్ద దిక్కు బాబూ ఆయన" అన్నాడు. మొదటి మాట నమ్మాను, రెండోది నమ్మలేదు. ఆ కమిటీని మాస్టారు అనుమానించినంతగా ఖరగ్‌పూర్‌లో ఎవరూ అనుమానించలేదు. ఆ అనుమానమే ఇవాళ నాకు అన్నం పెడుతోంది కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన మాకు ఎకనామిక్స్ చెప్పేవారు. "సగటు ఆదాయం పెరిగింది" అని పాఠంలో చదవగానే కళ్లజోడు నుదుటి మీదకి తోసి, "ఎవులికి పెరిగిందిరా?" అనేవారు. జవాబు చెప్పేదాకా పేజీ తిప్పనిచ్చేవారు కాదు. మాకు విసుగొచ్చేది. బజారులో అరటిపళ్లు కొన్నా అంతే, గెల అడుగున ఏముందో తిరగేసి చూడందే సంచీలో వేయనిచ్చేవారు కాదు.

ఊరి చివర ఇండస్ట్రియల్ పార్క్ వచ్చాక గుడికి చందాలు పెరిగాయి. అన్నసమారాధన నిరుటి కంటే ఘనంగా చేశామని కమిటీవాళ్లు ఏటా మైకులో చెప్పేవారు. మొదటి బంతిలో రైల్వే వర్క్‌షాప్ పర్మినెంటు ఉద్యోగుల కుటుంబాలు కూర్చునేవి. నిమ్‌పురా గూడ్సు యార్డులో కాంట్రాక్టు పని చేసేవాళ్లు షిఫ్టు దిగి వచ్చేసరికి ఆఖరి బంతి పడేది. కమిటీ ఎంత పిలిచినా మాస్టారు ముందు బంతిలో కూర్చోలేదు. "ఎంత ఘనమో ఆకరి బంతిలో కూకుంటే తెలుస్తాది" అనేవారు.

మొదట్లో అక్కడిదాకా బూరెలు రాలేదు. పప్పు నీళ్లలా వచ్చింది. ఆయన కమిటీతో గట్టిగా గొడవపడ్డారు. మరుసటి ఏడు నుంచి ఆయన ఆకు నిండా వడ్డన. కమిటీకి బుద్ధొచ్చిందని ఆయన క్లాసులో కూడా సంబరంగా చెప్పారు.

ఒక ఏడు నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన ఆకులో రెండు బూరెలు, జీడిపప్పు పులిహోర. అవతల కూర్చున్న, యార్డు ఊడ్చే ఆమె ఆకులో అన్నం, చారు.

"నీకు బూరె ఎట్టలేదేటమ్మా?"

"అయి మీకే గదా బాబూ. మీరొస్తారని ఏటేటా పక్కనెట్టి ఉంచుతారు."

మాస్టారు ఇంకా ముట్టని బూరెలు రెండూ ఆమె ఆకులో వేశారు. ఇంటికి నడుస్తూ అన్నారు: "ఇన్నాళ్లూ నా ఆకు సూసి అందరి కడుపూ నిండిందనుకున్నాన్రా. పక్కాకు సూడనేదు."

నేనిప్పుడు ఇంటింటి సర్వేలు చేస్తాను. ఎవరి బతుకు ఎంత మెరుగైందో అడుగుతాను. ఊరి పెద్దలు నవ్వుతూ ఒక ఇల్లు చూపిస్తే, దాని పక్కింటి తలుపు కూడా కొడతాను. అందుకు నన్ను తిట్టుకునేవాళ్లు ఉన్నారు. నాకు బాధ లేదు, అది మాస్టారి పెంపకం.

మాస్టారి పెద్దకర్మ వంటలు మేమే చూసుకుంటామని కమిటీ ముందుకొచ్చింది. కనీసం ఆయన పేరు మీద పెట్టే భోజనమైనా అందరికీ అందుతుందా? వెళ్లి ఆఖరి బంతిలో ఇవతలి కొసన కూర్చున్నాను. కమిటీ పెద్ద బూరెల బేసిన్‌తో నా దగ్గరికే ముందొచ్చి వంగాడు. "మాస్టారి శిష్యుడివి, నీకు ఏరుగా ఉంచినాను."

అంతలో మాస్టారి భార్య వచ్చి, "ఇలా తెండి బాబూ, నానెడతాను" అని బేసిన్ తీసుకున్నారు. నన్ను దాటి, బంతి అవతలి కొసకి వెళ్లి అక్కణ్నుంచి వడ్డించడం మొదలుపెట్టారు.

ఆమెనూ నేను పూర్తిగా నమ్మలేదు. మెడ చాచి ఒక్కొక్క ఆకే చూస్తూ ఉన్నాను. నా దగ్గరికి వచ్చి ఆమె బేసిన్ వంచి చూపించారు.

"అయిపోనాయి నాయనా."

నాకు ఏడుపొచ్చింది. పక్కాకులో బూరె ఉంది. దాని పక్కదాంట్లోనూ ఉంది. ఆ కొసదాకా ఉంది. నా ఒక్క ఆకులోనే లేదు.