ముప్పై రెండు లైన్లు, పద్నాలుగు మెట్లు

విశాఖపట్నంలో ఇరవై ఆరు. విజయవాడలో పంతొమ్మిది. వరంగల్‌లో పదకొండు.

ఒకే పాట. మొత్తం ముప్పై రెండు లైన్లు. అందులో గాయకుడు తన గొంతుతో పాడినవి ఇవి. మిగిలినవి మైకు జనం వైపు తిప్పి వాళ్లతో పాడించాడు. జనానికి అది పండగ. నేను మాత్రం వెనకవైపు కుర్చీలో కూర్చుని, అతను పాడిన లైనుకు ఒక గీత, పాడని లైనుకు ఒక సున్న పెట్టుకుంటూ పోయాను.

నాకు డెబ్బై ఒకటి నడుస్తోంది. రైల్వే ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. ఏ బండి ఏ స్టేషనుకు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా చేరిందో రిజిస్టర్లో ఎక్కించడం నా పని. మా సెక్షన్లో 'సుమారుగా' అనే మాట చెల్లేది కాదు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు నన్ను వదల్లేదు. ఈ బ్యాండుతో పరిచయం కూడా ఆ అలవాటు వల్లే, అదీ తగువుతో మొదలైంది.

అల్వాల్‌లో మా పక్కింటి మేడ మీద ఒక రేకుల గది ఉండేది. నలుగురు కుర్రాళ్లు అందులో గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని వాయించడం మొదలుపెట్టారు. మా వంటింటి అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగేవి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేద్దామనుకున్నాను. ఫిర్యాదుకు ఆధారం ఉండాలి. రెండు వందల పేజీల నోట్‌బుక్ కొని, తేదీ, వారం, మొదలైన సమయం, ఆగిన సమయం, ఏ పాట ఎన్నిసార్లు అని గళ్లు గీశాను. పాటల పేర్లు తెలియవు కనుక 'గట్టిది', 'మరీ గట్టిది', 'ఏడుపుది' అని రాసుకున్నాను.

ఐదు వారాలు రాశాక నోట్‌బుక్ పట్టుకుని ముందు వాళ్ల దగ్గరికే వెళ్లాను. మనిషికి చెప్పకుండా మనిషి మీద ఫిర్యాదు చేయడం పద్ధతి కాదు. పాడే అబ్బాయి పేజీలన్నీ తిప్పి చూశాడు.

"ఆంటీ, మంగళవారం గీ పాట పదిహేడుసార్లు వాయించినమా?"

"పదిహేడు. అందులో తొమ్మిదిసార్లు మధ్యలో ఆపేశారు. తొమ్మిదిసార్లూ ఒకే చోట."

అతను మిగతావాళ్ల వైపు తిరిగి, "చెప్పిన కదరా, ఆడనే తప్పుతున్నం అని!" అన్నాడు.

ఫిర్యాదు ఇవ్వలేదు. వాళ్లు ప్రాక్టీసును సాయంత్రం నాలుగు, ఆరు గంటల మధ్యకు మార్చుకున్నారు. ఆ అబ్బాయి ప్రతి ఆదివారం నోట్‌బుక్ చూడటానికి మా ఇంటికి వచ్చేవాడు.

మా ఇంట్లో నేను, మా వదిన ఉంటాం. వదిన అంటే మా ఆయన అక్క. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. ఆమె భర్త పోయాక మా దగ్గరికి వచ్చింది. మా ఆయన కూడా పోయాక ఇద్దరమే మిగిలాం. ఆమెకు లెక్కలంటే గిట్టదు. నేను గోడ గడియారం వైపు, నోట్‌బుక్ వైపు చూసుకుంటున్న ఆ ఐదు వారాల్లో ఆమె 'ఏడుపుది' మొత్తం నేర్చేసుకుంది. బెండకాయలు తరుగుతూ పాడేది.

"అది ఏడుపుది కాదే," అంది ఒకనాడు. "బస్సు పోయినంక స్టాపుల నిలవడ్డోని పాట. సక్కగ ఇన్నవా ఎన్నడన్న?"

ముప్పై రెండు లైన్ల పాట అదే.

వాళ్ల మొదటి షో ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక కేఫ్ మిద్దె మీద జరిగింది. అరవై మంది కూడా లేరు. మా ఇద్దరికీ ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. తర్వాత ఊరూరా షోలు మొదలయ్యాయి. వాటి వెంట తిరిగే అభిమానులు ఒక నలభై మంది తయారయ్యారు. వాళ్లతో పాటు మేమూ. బోయిగూడలో పళ్ల డాక్టరుగా ఉన్న ఒక అమ్మాయి ఫోనులో గ్రూపు నడుపుతుంది. అందరికీ రైల్లో ఒకే పెట్టెలో టికెట్లు తీసేది ఆమే. షో ఎన్ని నిమిషాలు ఆలస్యంగా మొదలైంది, ఏ పాట తర్వాత ఏ పాట, మొత్తం ఎంతసేపు అన్నది మర్నాడు పొద్దున నేను గ్రూపులో పెడతాను. ఎవరైనా కాదంటే, "అమ్మమ్మ రాసిందంటే అదే ఫైనల్," అని ఆ అమ్మాయే నోరు మూయిస్తుంది.

ఇది వినడానికి సరదాగా ఉంటుంది కానీ, ఈ వయసులో చేస్తే తెలుస్తుంది. విజయవాడ షో డెబ్బై తొమ్మిది నిమిషాలు. దానికోసం నేను ఇంటి బయట గడిపింది ఇరవై తొమ్మిది గంటలు. నిలబడే షోలు ఎక్కువ. ఒక కుర్చీ కోసం ముగ్గురిని బతిమాలాలి. మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే చూసుకోవాలి, దాన్నిబట్టి నీళ్లు తాగాలి. రైల్లో గ్రూపు పిల్లలు నిద్రపోరు, పోనివ్వరు. తిరిగొచ్చాక రెండు రోజులు నా కాళ్లు నావి కావు. ఎందుకు పోతున్నావని అడిగినవాళ్లకు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. నిజం ఏమిటంటే, పోయినేడాది వదిన మోకాలు పట్టేసింది. ఇక రైలు ఎక్కలేనంది. పిల్లలు తీసిన వీడియోలు చూపిస్తే, "చీమల లెక్క కనిపిస్తున్నరు, బంద్ చెయ్యి," అంది. నేను వెళ్లొచ్చి, పాటల వరుస చదివి, ఏది ఎలా పాడాడో చెబితే మాత్రం కళ్లు మూసుకుని వింటుంది. ఆ ఒక్క పని కోసం వెళ్లడం సాగిస్తున్నాను.

ఈసారి టూరులో చివరి షో సికింద్రాబాద్‌లో పెట్టారు. పాత హాలు. ఇంటి దగ్గర ఆటో ఎక్కితే సరిగ్గా దాని ముందే దిగవచ్చు. వదిన ఆ మాట వినగానే లేచి కూర్చుంది.

"నాకు గిదొక్కటే. దీనికి సుత పోకపోతే ఇగ నేను పోనట్టే."

ఒక బుధవారం నేను వెళ్లి హాలు చూసొచ్చాను. లిఫ్టు లేదు. రోడ్డు నుంచి పైకి పద్నాలుగు మెట్లు. పట్టుకోవడానికి ఇనుప కడ్డీ ఎడమ పక్కన మాత్రమే ఉంది. ఇదంతా నోట్‌బుక్‌లో రాసి ఆమెకు చదివి వినిపించాను. మర్నాటి నుంచే ఆమె మా మేడ మెట్ల మీద సాధన మొదలుపెట్టింది. మా మెట్లకు గోడ కుడి పక్కన ఉంది. అందుకని ఎడమ పక్కన కడ్డీ బదులు నేను చెయ్యి చాపి నిలబడేదాన్ని. మొదటి రోజు నాలుగు మెట్లు ఎక్కి, "అమ్మో," అని కూలబడింది. రెండో వారానికి ఏడు. నాలుగో వారానికి పదకొండు. ఆరు వారాలు ఆమె బరువంతా నా మోచేతి మీద నడిచింది. నేను వరంగల్ బయలుదేరే ముందురోజు పద్నాలుగు ఎక్కింది.

వరంగల్ షో శుక్రవారం సాయంత్రం. శనివారం పొద్దున ప్లాట్‌ఫారం మీద అభిమానులు, బ్యాండు వాళ్లు అందరూ ఒకే బండి కోసం చూస్తున్నారు. బండి నలభై నిమిషాలు ఆలస్యమన్నారు. పళ్ల డాక్టరు నా పక్కకు వచ్చి, "అమ్మమ్మా, నిన్న ఆయన పాట మొత్తం మనకే ఇచ్చేసిండు! నాకైతే ఏడుపొచ్చేసింది తెలుసా!" అంది. నేను తలూపాను. లైన్ల లెక్క నేను గ్రూపులో పెట్టలేదు. ఆ గడి నాకోసం గీసుకున్నది.

అప్పుడే వదిన ఫోను చేసింది.

"పద్నాలుగు ఎక్కిన. నువ్వు లేకుండనే, గోడ వట్టుకొని. పక్కింటామె సూసింది, కావాల్నంటే అడుగు."

"ఒక్కదానివే ఎందుకు ఎక్కావు?"

"రేపు నువ్వు నా పక్కన కూసోని రాసుకుంట ఉంటవు. నన్నెవరు సూస్తరు? రాసుడు బంద్ చేస్తవా?"

"చెయ్యను."

"తెలుసు తియ్యి," అని పెట్టేసింది.

ఆ తర్వాత పాడే అబ్బాయి వచ్చాడు. ఇప్పుడు అబ్బాయి కాదు, చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. మెడకు మఫ్లరు, చేతిలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు.

"ఆంటీ, జెర జరుగుండ్రి."

గొంతు గరుకు కాగితం రుద్దినట్టుంది. బెంచీ మీద జరిగి చోటిచ్చాను.

"నిన్న ఎన్ని?"

"డెబ్బై నాలుగు నిమిషాలు. పన్నెండు పాటలు."

"అది కాదు. స్టేజి మీదికెళ్లి మీరు కనిపిస్తరు. నేను మైకు అటు తిప్పినప్పుడల్ల మీరు ఏందో పెడ్తున్నరు."

నేను బండి వచ్చే వైపు చూశాను.

"డాక్టరు నెల రోజులు నోరు మూసుకొమ్మన్నడు. మావోళ్లేమో ఏం కాలేదు, మస్తుగ పాడుతున్నవంటరు. జనం అరుస్తనే ఉన్నరు. నాకు సమజైతలేదు ఆంటీ. ఆడ నిలవడితే వాళ్ల గొంతే నా గొంతు అనిపిస్తది. నిజంగ నేను పాడుతున్ననా, లేదా?"

నోట్‌బుక్ నా ఒళ్లోనే ఉంది. మర్నాడే ఆదివారం, సికింద్రాబాద్ షో. ఆకుపచ్చ చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది వదిన. 'ఈసారి లైన్లు లెక్కపెట్టలేదు బాబూ' అంటే సరిపోతుంది. అతను నమ్ముతాడు, ఎందుకంటే నేను అతనితో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. సరిగ్గా అందువల్లే చెప్పలేకపోయాను. మూడు ఊళ్ల పేజీలూ తీసి అతని చేతికిచ్చాను.

అతను గీతలు, సున్నలు వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. వరంగల్ పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు.

"లెక్క కరెక్టేనా ఆంటీ?"

"నా లెక్కలో తప్పుండదు."

నోట్‌బుక్ మూసి ఇచ్చేశాడు. లేవబోతూ, "రేపు పెద్దాంటీ వస్తున్నదా?" అని అడిగాడు.

"వస్తోంది."

మఫ్లరు సర్దుకుని బ్యాండు వాళ్ల దగ్గరికి వెళ్లాడు. బండి నలభై మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

ఆదివారం పొద్దున పది గంటలకు గ్రూపులో కబురు వచ్చింది. గాయకుడి గొంతు బాగాలేదు, షో వాయిదా, కొత్త తేదీ తర్వాత చెబుతారు. వెంటనే పళ్ల డాక్టరు ఫోను.

"మొన్న మంచిగనే ఉండె కదా అమ్మమ్మా! మీకేమన్న తెలుసా?"

చెప్పాను. ముప్పై రెండింటికి పదకొండు అని.

"అంటే... మనమే పాడేసినమా మొత్తం?"

వదిన తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ ఎండలో కూర్చుని ఉంది. ఆమెకు అంతా చెప్పాను. నోట్‌బుక్ చూపించిన సంగతి కూడా దాచలేదు.

"ఆయన అడిగిండు, నువ్వు సూపెట్టినవ్."

"అవును."

"ఒక్కరోజు ఆగితే ఏమైతుండె?"

"తెలియదు వదినా. ఏమీ కాకపోయేదేమో. గొంతు పూర్తిగా పోయేదేమో."

"నీకు తెల్వనిది గూడ ఉన్నదా?" అని లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

అన్నం తినలేదు. నేనూ తినలేదు. మంచం మీద వాలితే, ఈ ఏడాదంతా తిరిగిన రైళ్ల అలసట ఒక్కసారే వచ్చి మీద పడ్డట్టనిపించింది. మూడున్నరకు బయట హారను మోగింది. ముందే చెప్పి పెట్టుకున్న ఆటో అది. రావద్దని చెప్పాలన్న సంగతే మరిచిపోయాను. లేచి వెళ్లేసరికి వదిన ఆకుపచ్చ చీరలో గుమ్మంలో నిలబడి ఉంది.

"పోదాం నడువు."

"షో లేదు వదినా."

"మెట్లున్నయ్ కద."

హాలు గేటు ఓరగా తీసి ఉంది. వాచ్‌మన్ స్టూలు మీంచి లేచి, "ప్రోగ్రాం క్యాన్సలయ్యిందమ్మా," అన్నాడు.

"మాకెరికే. జెర మెట్లెక్కి దిగిపోతం," అంది వదిన.

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి పక్కకు తప్పుకున్నాడు. వదిన ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుంది. నేను కుడి పక్కన నిలబడ్డాను. ఆమె పైకి లెక్కపెడుతూ ఎక్కింది. ఆరు దగ్గర ఆగింది. తొమ్మిది దగ్గర ఊపిరి తీసుకుంది. పన్నెండు. పదమూడు. పద్నాలుగు కోసం కాలు ఎత్తింది. కింద మెట్టు లేదు. కాలు చదునైన నేల మీద ధబ్బున పడింది.

"ఏదే పద్నాలుగోది?"

నేను పైనుంచి చూపుతో లెక్కపెట్టాను. నమ్మకం కుదరక కిందికి దిగి, మళ్లీ ఎక్కాను. పదమూడే. గేటు దగ్గర రోడ్డు అంచుకు వేసిన రాతిపలకను ఆ బుధవారం నేను మెట్టుగా కలిపి ఉంటాను. ఇంకో కారణం నాకు దొరకలేదు.

"ఆరు వారాలు!" అంది వదిన. "పొద్దుగాల పొద్దుగాల లేపి ఒక మెట్టు ఎక్కువ ఎక్కిపిచ్చినవ్ నాతోని!"

నవ్వు ఆగక పై మెట్టు మీద కూర్చుండిపోయింది. కింద వాచ్‌మన్ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వరంగల్ బెంచీ మీద నేనన్న మాట గుర్తొచ్చింది.

వదిన కళ్లు తుడుచుకుని నా ముఖం చూసింది.

"పదకొండు అన్నవు కద ఆయనతోని. పక్కానా?"

"పక్కా అనే అనుకుంటున్నాను."

"అనుకుంటున్నవా!"

ఈ మాట నా నోట ఆమె ఎప్పుడూ వినలేదు. ఆమె పక్కన కూర్చుని, నోట్‌బుక్ తీసి, పద్నాలుగు కొట్టేసి పదమూడు రాశాను. ఆ నోట్‌బుక్‌లో అంతకుముందు కొట్టివేత లేదు. తర్వాత వరంగల్ పేజీ తీసి గీతలు మళ్లీ లెక్కపెట్టాను. పదకొండే. కానీ కాగితం మీది గీతలను ఎన్నిసార్లయినా లెక్కపెట్టుకోవచ్చు. ఆ పాట వింటున్నప్పుడు నేను ఒక గీత వేయడం మరిచానేమో ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు లేరు. ఒకటి అటూ ఇటూ ఉండొచ్చని అతనికి రాద్దామా అనుకున్నాను. పన్నెండయినా పాట అతను పాడినట్టు కాదు. రాయలేదు.

ఆటోలో వస్తూ వదిన అంది: "తారీఖు చెప్పినప్పుడు నువ్వు పాట లెక్కవెట్టు. మెట్లు నేను లెక్కవెడ్త."

తారీఖు ఇంకా రాలేదు. సోమవారం పొద్దున ఆమె మా మేడ మెట్లు పదమూడు ఎక్కి, అక్కడ ఆగి, "సాలు," అంది. ఎడమ పక్కన నేను చెయ్యి చాపి నిలబడి ఉన్నాను. మోచెయ్యి లాగుతూనే ఉంది.