నా బండి మింగిన వంద మీటర్లు

పోయిన గురువారం బొల్లాపల్లి అవతల ఒక దొంక బాటలో ఏం జరిగిందో వింటే, ఇక మీరెవరూ నన్ను లెక్కలు అడగరు. రెండు వందల పైపులు పరిచేశాం. పైపులు అయిపోయాయి. చేను మాత్రం రాలేదు!

మొదట్నుంచీ చెప్తాను. నరసరావుపేటలో ఒక పైపుల షాపులో నాలుగేళ్లు పనిచేసి, ఈ మధ్యే సొంతంగా పైప్‌లైన్లు, డ్రిప్ బిగించే పని మొదలుపెట్టాను. పొలాల్లోకి దిగాలి, అమ్మను బజారుకీ తిప్పాలి. రెంటికీ ఒకటే బండి చాలనుకుని పన్నెండేళ్ల నాటి చిన్న ఎస్‌యూవీ కొన్నాను. పేరుకే ఎస్‌యూవీ. ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. దొంకలో దిగితే పొట్ట నేలకు రాసుకునేది.

అందుకని మస్తాన్ భాయ్ గ్యారేజీలో పది రోజులు పెట్టాను. స్ప్రింగుల దగ్గర బండిని లేపే మూడు సెంటీమీటర్ల స్పేసర్లు, బురదలో పట్టుండే పెద్ద టైర్లు, ఇంజన్ కింద ఇనప రేకు, పైన క్యారియర్.

"టైరు వ్యాసం ఐదున్నర సెంటీమీటర్లు పెరిగింది భాయ్. అంటే బండి లేచేది అందులో సగం, రెండు ముప్పావు. స్పేసర్లతో కలిపితే ఐదు ముప్పావు!" ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ముట్టుకోకుండా గడగడా చెప్పేశాను.

మస్తాన్ భాయ్ పానా పక్కన పెట్టి, "మీకు అన్నీ తెలుసు సార్" అన్నాడు. ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ పూట గ్యారేజీ మొత్తానికీ టీ నేనే తెప్పించాను.

ఇంటికి తెస్తే అమ్మ ఒకసారి డోరు వైపు చూసింది, ఒకసారి తన మోకాళ్ల వైపు చూసుకుంది. "ఏందిరా ఇది? ఎక్కడానికి నిచ్చెన కూడా ఇచ్చాడా?"

మర్నాడే సైడ్ స్టెప్పులు వేయించాను. డైలీ యూజ్ కదా!

అప్పుడే నా మొదటి పెద్ద పని వచ్చింది. కోటయ్య బాబాయ్ అని బొల్లాపల్లి దగ్గర రైతు. చుట్టరికమేమీ లేదు, పిలుపంతే. ఆయనకు మెరక మీద నాలుగెకరాల మిరప. బోరేమో కింద, ఊరి పక్కన. అక్కణ్ణుంచి దొంక వెంబడి చేను దాకా పైపు వేయాలి. నారు పెట్టి వారమైంది, ట్యాంకర్ నీళ్లతో బతికిస్తున్నాడు.

"గురువారం దాకే ట్యాంకరు. తర్వాత వేరేవాళ్లకు ఒప్పుకున్నాడంట. ఆ సాయంత్రానికి నీళ్లు రావాలబ్బాయ్, లేకపోతే మొక్క దక్కదు" అన్నాడు. పక్క చేను యోహాను మామది. "కోటయ్య పని చూశాకే నా సంగతి" అని ఆయన ముందే చెప్పేశాడు.

కొలతకు పోయిన రోజు వాగు దాటాను, బురద దాటాను, ఎక్కడా పొట్ట తగల్లేదు. ఆ ఊపులో బోరు దగ్గర, బండి తిరిగిన దూరం చూపే ట్రిప్ మీటర్ సున్నా చేసి, చేను దాకా నడిపాను. 1.2. అనుమానం ఎందుకని మళ్లీ నడిపాను. మళ్లీ సరిగ్గా గట్టు దగ్గరే 1.2 పడింది. పన్నెండు వందల మీటర్లు, ఆరు మీటర్ల పైపులు, రెండు వందలు. హ్యాండ్ బ్రేక్ వేసేలోపు లెక్క అయిపోయింది!

గురువారం మధ్యాహ్నం రెండింటికి చివరి పైపు దింపాం. జేసీబీ డ్రైవర్ చేను దాకా గాడి తవ్విపెట్టాడు. ఆ గాడిలో చివరి ముక్క ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. దాని అవతల మిరప మొక్కలు తలలు వేలాడేసి ఉన్నాయి.

గట్టు మీద కూర్చున్న యోహాను మామ, "ఏమబ్బాయ్, కోటయ్య చేనేమైనా రాత్రికి రాత్రి వెనక్కి జరిగిందా?" అన్నాడు.

కోటయ్య బాబాయ్ నవ్వలేదు. "నీళ్లు ఇక్కడ ఆపితే, మొక్కలు నడిచొచ్చి తాగుతాయా?"

"షాపువాడు తక్కువ వేసుంటాడు బాబాయ్!" అన్నాను. ఆయన భార్య సుబ్బమ్మ పిన్ని బోరు దాకా పోయి, జాయింట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. నూట తొంభై తొమ్మిది. అంటే పైపులు రెండు వందలూ ఉన్నాయి.

ఇక మిగిలింది నా బండి. మళ్లీ బోరు దగ్గర సున్నా చేసి బయల్దేరాను. పైపు ఆగిన చోట మీటర్ చూశాను. 1.1!

పన్నెండు వందల మీటర్ల పైపు నేల మీద పరిచి ఉంటే, నా బండి పదకొండు వందలే అంటోంది. అప్పుడు వెలిగింది నాకు. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. మీటర్‌కేం తెలుసు? అది ఇంకా పాత టైర్లే అనుకుంటోంది. పన్నెండు వందలు అని చూపించిందంటే అది పదమూడు వందలు! బండితో పైపును కొలుద్దామనుకుంటే, పైపే నా బండిని కొలిచింది.

మస్తాన్ భాయ్‌కి ఫోన్ చేశాను. "టైర్లు మారిస్తే మీటర్‌కి తేడా వస్తుందని చెప్పలేదేంది భాయ్?"

"మీకు తెలుసనుకున్నా సార్. వ్యాసాలూ అవీ మీరే చెప్తా ఉంటిరి గదా!"

కోపం చూపించడానికి నా కంటే దగ్గరివాళ్లెవరూ కనపళ్లేదు. వంద మీటర్లకు పదిహేడు పైపులు. వినుకొండకు పరిగెత్తాను. బండి పొడవు నాలుగు మీటర్లు, పైపు పొడవు ఆరు. ముందూ వెనకా ఎర్రగుడ్డలు కట్టి, క్యారియర్ మీద మోసుకొచ్చాను. షాపు ఆటోవాడైతే వాగు దగ్గరే ఆగిపోయేవాడు. నా బండి దిగి, ఎక్కి, దులుపుకుని వచ్చేసింది. తప్పు చేసిందీ అదే, దిద్దిందీ అదే. మధ్యలో నేనొక డ్రైవర్ని.

పైపులు అతికించి, గమ్ ఆరేదాకా గంటసేపు ఆగాం. మోటార్ వేశాం. ముందు గాలి, తర్వాత మట్టినీళ్లు, ఆ తర్వాత మంచి నీళ్లు బుసబుసా మొదటి సాలులోకి దిగాయి. ఇంకా పొద్దు గుంకలేదు. పిన్ని చేతులు కడుక్కుని, "రేపు పొద్దున టిఫిన్ ఇక్కడే తినాలబ్బాయ్" అంది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

పొద్దున టిఫిన్ దగ్గరికే యోహాను మామ వచ్చాడు. "మాది కూడా నువ్వే వేద్దువుగానీ. ఒకటే షరతు. బండి ఇక్కడ పెట్టి, నడిచి కొలువు."

టేపు పట్టుకుని బయల్దేరాను. రాత్రి చినుకులు పడ్డాయి. నల్లరేగడి. అడుగు తీసి అడుగు వేస్తుంటే చెప్పుల కింద మట్టి అంటుకుని, ఈసారి నా గ్రౌండ్ క్లియరెన్స్ పెరుగుతోంది! ఆయాసపడుతూ చివరికి చేరి వెనక్కి చూశాను. మామ నా సీట్లో కూర్చుని, ఏసీ వేసుకుని, అద్దం కొంచెం దించి అరుస్తున్నాడు.

"అబ్బాయ్! చానా బాగా ఎత్తు చేయించావురా బండిని! ఇందులోంచి చూస్తే నువ్వెంత చిన్నగా కనపడుతున్నావో!"