రివైండ్ నొక్కిన తమ్ముడు

ఈ మధ్యాహ్నం కలిదిండి నుంచి మా తమ్ముడు రెండు కొరమీనులు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అప్పటికే మావారు ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ వేసి టీవీకి తగిలించారు. అంటే మా చిన్నప్పటి క్యాసెట్ వీడియోగేములన్నీ ఇప్పుడు కంప్యూటర్లో ఆడుకోవచ్చన్నమాట. ఓడినవాళ్లు చేపలు శుభ్రం చెయ్యాలని పందెం వేసుకుని అక్కాతమ్ముళ్లం కూర్చున్నాం.

వాడికి మొదటినుంచీ వంకలే.

"బటన్ నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ దూకట్లేదక్కా! అదే మన పాత రిమోట్ అయితేనా..." అంటూనే గోతిలో పడ్డాడు. నేను చప్పట్లు కొట్టేలోగా వాడి బొమ్మ గోతిలోంచి వెనక్కి ఎగిరొచ్చి గట్టుమీద నిలబడింది.

"చచ్చిపోయావు కదరా!"

"రివైండ్ నొక్కానక్కా. ఇందులో ఆ సదుపాయం ఉంది."

"అది మోసం!"

"మోసమైతే బటన్ ఎందుకు పెడతారక్కా?"

ఇద్దరం నలభై దాటినవాళ్లం. ఆ బటన్ న్యాయమా అన్యాయమా అని వీధికి వినబడేలా అరుచుకున్నాం. చివరికి తీర్పు చెప్పమని మావారిని కేకేస్తే, ఆయన మోచేతుల దాకా బూడిదతో పెరట్లోంచి వచ్చారు.

"మీలో గెలిచిందెవరో నాకు తెలీదు. ఓడింది మాత్రం నేనే" అన్నారు. చేపలు తోమడం అప్పటికే అయిపోయింది.

పులుసు అద్భుతంగా కుదిరింది గానీ తగవు మాత్రం తేలలేదు. ఏవండీ, చిన్నప్పుడు లేని రివైండ్ ఇప్పుడు నొక్కొచ్చంటారా? నిర్మొహమాటంగా చెప్పండి. నొక్కొచ్చు అనేవాళ్లను పులుసుకి పిలవను, అంతే.