టెంప్ అని పేరు పెట్టిన ఫోల్డరు

డుంబ్రిగుడలో మా ఆఫీసు ఒక్క గది. బడిపిల్లలకు మా కొండభాష మాటలు వినిపించే యాప్ అక్కడే తయారవుతుంది. రెండేళ్ల కిందట మామ్మ చేత ఆ మాటలు పలికించి, రికార్డు చేసి గిట్‌లో చేర్చాను. విశాఖ నుంచి వచ్చిన సీనియరు అందరి ముందూ అన్నారు: "ఇది మీ సంత కాదు గుంటా, దొరికిందల్లా గంపలో ఏసీడానికి. ఆ బరువంతా తీసీ."

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

గిట్ మా పనిలో ప్రతి మార్పునూ దాచిపెట్టే ప్రోగ్రాం. అయితే మనం చేర్చిన ఫైళ్లనే దాస్తుంది. చేర్చనిది పక్కనే ఉన్నా దానికి పరాయిదే. ఆ రోజు గిట్ చరిత్రలోంచి సహా తీసేసినవి, ఆ తర్వాత మామ్మ పలికినవి, అన్నీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు లోపలే ఒక ఫోల్డరులో ఉంచాను కానీ మళ్లీ చేర్చలేదు. వాళ్లే వచ్చి అడగాలని నా పంతం.

ఈ వానాకాలం మొదట్లో మామ్మ పోయింది. మా ఇంట్లో పోయినవాళ్ల పేరు ఏడాది తిరిగేదాకా పలకరు, రాయరు. ఇంటికి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో ఆమె పేరుతో ఉన్న ఫోల్డరు చూసి అమ్మ కంగారుపడితే, ఆ పేరు తీసేసి 'టెంప్' అని, అంటే తాత్కాలికమని, పెట్టాను.

నెల తిరగకముందే, ఒక సంతరోజు మధ్యాహ్నం, డిస్కు నిండిపోయి యాప్ పని ఆగింది. కరెంటు కూడా లేదు. సీనియరు విశాఖ నుంచి ఫోన్ చేశారు.

"ఏటి సేత్తన్నావు? గిట్ క్లీన్ కొట్టి, పక్కన ఎఫ్, డి పెట్టు. సెత్తంతా పోద్ది. బేగి."

"ఏవేవి పోతాయి సార్?"

"నువ్వు సేర్చనివే పోతాయి. అన్నింటికీ బయమే నీకు."

అలా పోయినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా రావు. ఎఫ్ కొట్టాల్సిన చోట ఎన్ కొట్టాను. ఎన్ కొడితే ఏదీ చెరిపేయదు, ఏవి చెరిగిపోతాయో చూపిస్తుందంతే. రెండే వరుసలు వచ్చాయి. ఒకటి బిల్డ్, అంటే యాప్ తయారయ్యేటప్పుడు పేరుకునే చెత్త. రెండోది టెంప్. లోపలి ఫైళ్ల ఊసే లేదు. మామ్మ గొంతంతా ఆ ఒక్క మాట వెనకాల ఉంది.

"అయిందా?"

"లేదు సార్."

"ఒక్క బటన్ నొక్కడానికి ముహూర్తం సూడాలా?"

ఫోన్ పెట్టేసి ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. బ్యాటరీ ఎర్రబడింది. మధ్యలో ఆగిపోతే ఏది ఎక్కిందో ఏది మిగిలిందో తెలియదు. ఎక్కడం పూర్తయ్యాక, నమ్మకం చాలక, పెన్‌డ్రైవ్‌లోంచి ఒకటి వినిపించి చూశాను. వాన అనే మాట మా భాషలో పలికి, దగ్గి, "రాసుకున్నావేటే?" అంది మామ్మ.

అప్పుడు బిల్డ్ ఫోల్డరు ఒక్కదానికే మళ్లీ ఎన్ కొట్టాను. ఒకే వరుస వచ్చింది. ఎఫ్ కొట్టాను. డిస్కులో చోటు దొరికింది.

టెంప్ అని ఉన్నంత కాలం ఎవరికైనా అది చెత్తే. అమ్మకు తెలిస్తే ఏమంటుందోనని భయపడుతూనే, మామ్మ పేరు అక్షరం అక్షరం తిరిగి కొట్టాను. ఫోల్డరును గిట్‌లో చేర్చి, ఫోన్ నెట్‌తోనే విశాఖకు పంపాను.

వెంటనే ఫోన్. "మళ్లీ గంప నింపీసావా? ఎవరి పేరిది?"

"మా మామ్మది సార్. ఇది తియ్యను."

"పేరు సరిగ్గా సదవలేకపోతన్నాను. ఏటది?"

"మీరే కూడబలుక్కోండి సార్," అన్నాను. ఆ పేరు నేను మాత్రం పలకలేదు.