భీమరాజుగారి బిందెనీళ్లు

భీమరాజుగారు లాభం లేనిదే తుమ్మరు కూడా. ఎవరైనా పలకరిస్తే "నాకేంటండి లాభం?" అని అడిగాకే నవ్వుతారు. పెళ్లిలో అల్లుడు కాళ్లకి దణ్ణం పెట్టడానికి వంగితే, ఎలాగూ వంగాడు కదా అని మంచం కింద పడ్డ తాళంచెవి తీయించిన మనిషి.

తొంభై ఆరు తుఫానుకి రాజోలు దిగువన సముద్రం పక్కనున్న ఆ ఊళ్లో బావులన్నీ ఉప్పెక్కాయి. భీమరాజుగారు ట్రాక్టరుకి ట్యాంకరు తగిలించి, ఎగువ ఊరి బోరు నుంచి మంచినీళ్లు తెచ్చి బిందె రూపాయికి అమ్మడం మొదలుపెట్టారు. కొత్తగా బడికి వచ్చిన విజయదుర్గ టీచరుకి ఒళ్లు మండింది. జనం దాహం మీద వ్యాపారమా! ఈయన ట్యాంకరు మూలపడేదాకా ఊరుకునేది లేదని పంతం పట్టింది.

ఇల్లిల్లూ తిరిగి చందాలు వేయించి, వేరే ట్రాక్టరు మాట్లాడి ఉచితంగా నీళ్లు పోయించింది. ఊరికే వచ్చిన నీళ్లు కదా, కొందరు గేదెల్ని కడిగారు, ఒకాయన ఏకంగా అరుగు కడిగాడు. పదోరోజు డ్రైవరు బండారులంకలో పెళ్లికి వెళ్లాడు. ఇంకెవరో చూస్తారులే అని ఎవరికి వాళ్లు అనుకున్నారు. ఖాళీ బిందెలు వీధి చివరిదాకా బారు తీరాయి. భీమరాజుగారి ట్యాంకరు మాత్రం ఎప్పటిలాగే పొద్దున్న ఐదింటికి వచ్చి నిలబడింది, అదే రూపాయికి.

"ఇవాళ రెండు రూపాయలన్నా కొంటారు కదండీ. ఎందుకు వదిలేశారు?" అంది టీచరు కడుపుమంటతో.

"ఆయ్, కొంటారండి. అది చూసి రేపు పక్కూరి రామ్మూర్తి కూడా ట్రాక్టరు దింపుతాడు. అప్పుడు నాకేంటండి లాభం?"

అయినా టీచరు వెనక్కి తగ్గే మనిషి కాదు. అప్పుడే బారు చివర సత్తెమ్మ కనిపించింది. వెనకా ముందూ ఎవరూ లేని ముసలావిడ. టీచరు ఉచితంగా పోయిస్తానంటే, తనకింకా చేతులు పనిచేస్తున్నాయని బిందె వెనక్కి తిప్పుకుపోయిన ఆవిడ. రోజూలాగే రూపాయికి బదులు కొబ్బరి ఈనెల చీపురు పట్టుకొచ్చింది.

"పల్చగా ఉంది పిన్నీ. ముప్పాతిక బిందే పోస్తాను," అన్నారు భీమరాజుగారు. సత్తెమ్మ ఆయన్నీ, ఆయన తాతల్నీ కలిపి కడిగేసి, నిండు బిందెతో గెలిచినదానిలా తల ఎత్తుకుని వెళ్లిపోయింది.

ముసలిదానితో బేరమా! టీచరు అమీతుమీ తేల్చుకోవడానికి సాయంత్రం ఆయన ఇంటికే వెళ్లింది. పశువులపాకలో ఆవు బయట ఉంది, లోపలంతా చీపుళ్లు. మూడు నెలల చీపుళ్లు, ఒక్కటీ వాడలేదు.

"ఒక్కటి కొనే నాథుడు లేడమ్మా. ఆవు ఎండలో మాడుతోంది," అని వాపోయారు ఆయన భార్య సత్యవేణిగారు.

భీమరాజుగారు దొంగతనం బయటపడ్డట్టు గొంతు తగ్గించారు. "మీరు సత్తెమ్మ పిన్నికి చెప్పకండి టీచరుగారూ. చీపుళ్లకి గిరాకీ లేదని తెలిస్తే నీళ్లు మానేసి ఉప్పునీళ్లే తాగుతుందండి."

విజయదుర్గకి ఆయన మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. అది కనపడనివ్వకుండా అడిగింది.

"చెప్పకపోతే నాకేంటండి లాభం?"

భీమరాజుగారు పాకలోకి వెళ్లారు. ఉన్నవాటిలో బాగా ఒత్తుగా ఉన్న చీపురు ఏరి ఆమె చేతిలో పెట్టారు. రెండడుగులు వేసిందో లేదో వెనక నుంచి పిలిచారు.

"మీకు సగం రేటేనండి."